మోకాలి నీళ్ళలో అన్నీ న్యూట్రోఫిల్సే, మరి ఆర్‌ఏని (రుమటాయిడ్ కీళ్ళవాతాన్ని) టి కణాల జబ్బు అంటారేంది?

కావలి_ల్యాబు:

నమస్కారం. ఒక రిపోర్టు ముందు పెట్టుకుని అడుగుతున్నాను. 48 ఏళ్ళ ఆమె. రెండు మణికట్లు, వేళ్ళ మొదటి కణుపులు నాలుగు నెలలుగా వాచి ఉన్నాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగియదు. ఈ జబ్బులో కనిపించే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) చూస్తే యాంటీ సీసీపీ బాగా ఎక్కువ, ఆర్‌ఎఫ్ పాజిటివ్. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) చూపే ఈఎస్ఆర్ 70. కుడి మోకాలు ఉబ్బితే నీళ్ళు తీసి పంపారు. పసుపుపచ్చగా, కొంచెం మబ్బుగా ఉన్నాయి. తెల్లకణాలు మైక్రోలీటరుకు 18,000. వాటిలో నూటికి 85 న్యూట్రోఫిల్స్ అనే రకమే. బాక్టీరియాను చూసే గ్రామ్ స్టెయిన్‌లో ఏమీ లేదు, స్ఫటికాలూ లేవు.

పుస్తకం తీస్తే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటే టి కణాలు, బి కణాలు దారి తప్పడం అని ఉంటుంది. కింద సూక్ష్మదర్శినిలో చూస్తే లింఫోసైట్లు, అంటే ఆ టి, బి కణాలు, వెతుక్కోవాల్సి వస్తోంది. ఈ న్యూట్రోఫిల్స్ ఎక్కడినుంచి వచ్చాయి? అసలు కీలును తినేది ఎవరు?

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, మామూలు డబ్ల్యూబీసీ ద్రావణంలో కలిపితే కొన్ని శాంపిళ్ళు జిగురుముద్ద కడుతున్నాయి, అప్పుడు లెక్క నమ్మాలా? రెండు, ఈ జబ్బుకు ఖరీదైన ఇంజెక్షన్ రాసినవాళ్ళు టీబీ పరీక్షకు వచ్చి "మాకు దగ్గే లేదు గదా, ఇదెందుకు?" అని అడుగుతారు. కౌంటరు దగ్గర రెండు ముక్కల్లో చెప్పగలిగేటట్టు ఎవరైనా వివరిస్తే మేలు.

పెన్నా_గట్టు:

మీరు చూసింది తప్పు కాదు, పుస్తకం చెప్పిందీ తప్పు కాదు. మీరిద్దరూ చూస్తున్న చోట్లు వేరు. మన వైపు రొయ్యల గుంట ఉదాహరణ తీసుకోండి. పైన నీళ్ళు పట్టి పరీక్ష చేస్తే ఒక లెక్క వస్తుంది, అడుగు మట్టి తీసి చూస్తే ఇంకో లెక్క వస్తుంది. కీలులో నీళ్ళు వేరు, ఆ నీళ్ళను ఊరించే లోపలి పొర వేరు. ఆర్‌ఏ పుట్టేదీ కుదురుకునేదీ ఆ పొరలో, అంటే సైనోవియంలో. నీళ్ళలో కనిపించేది దాని పర్యవసానం.

బాగున్న కీలులో ఆ పొర ఒకటి నుంచి మూడు కణాల మందమే ఉంటుంది. అందులో రెండు రకాల కణాలు. ఒకటి మాక్రోఫేజ్ జాతి, చెత్త ఎత్తేవి. రెండోది ఫైబ్రోబ్లాస్టు జాతి, హయలురోనిక్ ఆమ్లం ఊరించి నీళ్ళకు జిగురునిచ్చేవి. ఆర్‌ఏ వచ్చినప్పుడు ఇదే పొర పది కణాల మందం, ఇంకా ఎక్కువ కూడా అవుతుంది. కొత్త రక్తనాళాలు పుడతాయి. కింద టి కణాలు, బి కణాలు, ప్లాస్మా కణాలు గుంపులు కడతాయి, కొందరిలో ఏకంగా లింఫు గ్రంథిని పోలిన గుత్తులే తయారవుతాయి. మీరు వెతుకుతున్న లింఫోసైట్లు అక్కడున్నాయి. వాటిని చూడాలంటే నీళ్ళు చాలవు, ముక్క తీయాలి.

ఇక న్యూట్రోఫిల్స్ సంగతి. ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీ ప్రతిదేహాలు కీలులో తమకు దొరికిన ప్రొటీన్లతో ముడిపడి గుత్తులు కడతాయి. ఆ గుత్తులు కాంప్లిమెంటును (రక్తంలోని రక్షణ ప్రొటీన్ల వరుసను) రేపుతాయి, అందులోంచి సీ5ఏ అనే ముక్క విడుదలవుతుంది. పొరలోని మాక్రోఫేజ్‌లు, ఫైబ్రోబ్లాస్టులు ఐఎల్-8 అనే సంకేత ప్రొటీను వదులుతాయి. ఈ రెండూ న్యూట్రోఫిల్స్‌కు పిలుపులే. రక్తంలోంచి దిగి, పొరలో ఆగకుండా దాటుకుని నేరుగా నీళ్ళలోకి వచ్చేస్తాయి. అందుకే పొరలో తక్కువ, నీళ్ళలో ఎక్కువ. వాటి ఆయుష్షు తక్కువ, కానీ మంట ఆరనంతకాలం కొత్తవి దిగుతూనే ఉంటాయి. మీ 85 శాతం ఆ రాకపోకల లెక్క.

వచ్చి ఊరికే ఉండవు. ప్రతిదేహాల గుత్తులను మింగబోయి ఎలాస్టేజ్ లాంటి ఎంజైములను బయటికి కక్కుతాయి, మృదులాస్థి పైభాగం దెబ్బతింటుంది. చచ్చేముందు తమ డీఎన్ఏను వలలాగా బయటికి విసిరేస్తాయి. ఆ వలలో సిట్రులిన్ చేరిన ప్రొటీన్లు ఉంటాయి, అంటే యాంటీ సీసీపీ ఏ ప్రొటీన్లను శత్రువు అనుకుంటుందో అవే. మంటకు వచ్చిన కణమే మంటకు మరింత కట్టె అందిస్తోంది. ఆర్‌ఏ ఎందుకు తనంతట తాను తగ్గదో అర్థం చేసుకోవడానికి ఇది ముఖ్యమైన చోటు.

ఆ సిట్రులిన్ సంగతి ఇంకొంచెం. ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని పీఏడీ ఎంజైములు సిట్రులిన్‌గా మారుస్తాయి. ఇది ఒంట్లో మామూలుగా జరిగే పనే. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఎక్కువగా జరుగుతుంది. చిగుళ్ళ జబ్బు తెచ్చే ఒక బాక్టీరియాకు, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్‌కు, సొంతంగా ఇలాంటి ఎంజైమే ఉంది. హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలున్నవాళ్ళలో ఈ మారిన ప్రొటీను ముక్కలు టి కణాలకు బాగా పట్టి చూపబడతాయి. టి కణం బి కణానికి ఊతం ఇస్తుంది, బి కణం ప్రతిదేహం తయారుచేసే ప్లాస్మా కణం అవుతుంది. ఇదంతా కీలు వాచడానికి ఏళ్ళ ముందే మొదలై ఉండొచ్చు. అందుకే వాపు లేని మనిషి రక్తంలోనూ యాంటీ సీసీపీ దొరుకుతుంది. కంచే చేను మేసినట్టు అంటాం గానీ, ఇక్కడ కంచెకు చేను పైరు కలుపుమొక్కలాగా కనబడటం మొదలైంది ఎక్కడో ఊపిరితిత్తుల్లోనో చిగుళ్ళలోనో.

అసలు తినేది ఎవరు అన్నారు. ఎముకను తినేది ఆస్టియోక్లాస్టు. అది మాక్రోఫేజ్ వంశపు కణమే. దానికి రాంక్‌ఎల్ అనే సంకేతం ఇచ్చేది పొరలోని ఫైబ్రోబ్లాస్టులు, టి కణాలు. మృదులాస్థి అంచున పాకి కరిగించేది ఆ బలిసిన పొర, దాన్నే పానస్ అంటాం. అందులోని ఫైబ్రోబ్లాస్టులు ఎంఎంపీ ఎంజైములు వదులుతాయి. ఈ ఫైబ్రోబ్లాస్టులను తక్కువ అంచనా వేయకండి. 1996లో ఒక ప్రయోగం చేశారు. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో, ఆర్‌ఏ ఉన్నవారి ఫైబ్రోబ్లాస్టులను మనిషి మృదులాస్థి ముక్కతో కలిపి పెట్టారు. టి కణాల సాయం లేకుండానే అవి మృదులాస్థిలోకి చొచ్చుకుపోయాయి. అంటే కొన్నాళ్ళకు ఆ కణాలకే ఆ స్వభావం అలవాటైపోతుంది. జబ్బు మొదలైన తొలి నెలల్లోనే మందు పడాలని మొత్తుకునేది ఇందుకే.

ఒంగోలు_పెథాలజీ:

కణాల కథ పైన చక్కగా చెప్పారు. నేను ల్యాబు బల్ల వరకే.

ముద్ద కట్టడానికి కారణం మీ ద్రావణంలోని ఎసిటిక్ ఆమ్లం. మామూలు డబ్ల్యూబీసీ ద్రావణం ఎర్రకణాలను పగలగొట్టడానికి ఆ ఆమ్లం మీదే ఆధారపడుతుంది. కీలు నీళ్ళలోని హయలురోనిక్ ఆమ్లం, ప్రొటీను దానితో కలిసి తక్షణం గడ్డకడతాయి, తెల్లకణాలు ఆ ముద్దలో చిక్కుకుంటాయి. చాంబర్‌లో లెక్క తక్కువ వస్తుంది. ఆ రిపోర్టు పంపకూడదు. 0.9 శాతం సెలైన్‌లో చిటికెడు మిథిలీన్ బ్లూ కలిపి దానితో పలచన చేయండి, కణకేంద్రాలు నీలంగా తేలతాయి, ఎర్రకణాలతో పొరపడరు. రక్తం బాగా కలిసి వస్తే 0.3 శాతం సెలైన్ వాడండి. అందులో ఎర్రకణాలు పగిలిపోతాయి, తెల్లవి నిలుస్తాయి. నీళ్ళు మరీ జిగటగా ఉంటే ఆటో ఎనలైజర్‌లో పెట్టకండి, గొట్టం మూసుకుపోతుంది. చేత్తో లెక్కపెట్టే న్యూబార్ చాంబరే నయం.

శాంపిల్ రాగానే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. సిరంజి చివరినుంచి ఒక బొట్టు మెల్లగా వదలండి. మంచి కీలు నీళ్ళైతే బెల్లం తీగపాకంలాగా నాలుగైదు సెంటీమీటర్ల తీగ సాగుతుంది. ఆర్‌ఏ నీళ్ళైతే మామూలు నీళ్ళ బొట్టులాగా టప్పున రాలిపోతుంది. న్యూట్రోఫిల్స్ కక్కిన ఎంజైములు హయలురోనిక్ ఆమ్లాన్ని తుంచేశాయి, అదీ కారణం. రిపోర్టులో "జిగురు తగ్గింది" అని ఒక్క మాట రాయండి, డాక్టరుకు పనికొస్తుంది.

కణాల లెక్కకు ద్రవ ఈడీటీఏ గొట్టం. పొడి ఈడీటీఏ, ఆక్సలేట్, లిథియం హెపారిన్ వాడితే వాటి స్ఫటికాలే సూక్ష్మదర్శినిలో కనబడి గౌట్ (స్ఫటికాలు చేరే వాతం) అని భ్రమపడే ప్రమాదం ఉంది. గంటలోపల లెక్కపెట్టండి. ఊళ్ళలో పొద్దున తీసి సాయంత్రం బస్సులో పంపిన శాంపిల్లో న్యూట్రోఫిల్స్ చెడిపోయి లెక్క పడిపోతుంది, మబ్బుగా ఉన్న నీళ్ళకు 1,500 అని రాయాల్సి వస్తుంది. అటువంటప్పుడు ఎన్ని గంటలు ఆలస్యమైందో రిపోర్టు మీదే రాయాలి.

అంకెల అర్థం: 200 లోపు మామూలు. 200 నుంచి 2,000 దాకా అరుగుదల వాతం కోవ. 2,000 నుంచి 50,000 దాకా మంట ఉన్న వాతం, మీ 18,000 నిండుగా ఇందులోనే ఉంది. 50,000 దాటితే చీము పట్టిందేమోనని చూడాలి. అయితే ఈ గీతలు ఇనపగీతలు కావు. ఆర్‌ఏ ఉన్న కీలుకు చీము పట్టే అవకాశం మామూలు కీలు కంటే ఎక్కువ. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళకు జ్వరం కూడా రాకపోవచ్చు. అందుకని ఆర్‌ఏ మనిషికి అన్ని కీళ్ళూ ఒక మోస్తరుగా ఉండి ఒక్క కీలు మాత్రం విపరీతంగా ఉబ్బి కాలిపోతుంటే, లెక్క 18,000 అయినా 30,000 అయినా కల్చర్ పెట్టాల్సిందే. గ్రామ్ స్టెయిన్ నెగెటివ్ అన్నంత మాత్రాన చీము లేదని చెప్పలేం. నీళ్ళు రక్తపు కల్చర్ సీసాలో వేస్తే పట్టుబడే అవకాశం పెరుగుతుంది. ఈమె శాంపిల్ కల్చర్‌కు వెళ్ళిందా లేదా అన్నది మీరు రాయలేదు. వెళ్ళకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఒక చిన్న సంగతి, కానీ పైన చెప్పిన కథ కళ్ళతో చూడొచ్చు. రంగు వేయని తడి స్లయిడ్ మీద, కండెన్సర్ కొంచెం దించి, 40 లెన్సులో చూడండి. కొన్ని న్యూట్రోఫిల్స్ లోపల అంచు వెంబడి ద్రాక్షగింజల్లాగా ముదురు రేణువులు కనిపిస్తాయి. మింగిన ప్రతిదేహాల గుత్తులవి. రాగోసైట్లు అంటారు. ఆర్‌ఏకే పరిమితం కాదు, వాటిని చూసి జబ్బు పేరు పెట్టకూడదు. కానీ ఒకసారి చూస్తే న్యూట్రోఫిల్ అక్కడికి ఎందుకొచ్చిందో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

కావలి_ల్యాబు:

చాలా థ్యాంక్స్ సార్. ఎసిటిక్ ఆమ్లం సంగతి నాకు తట్టనే లేదు. కల్చర్‌కు వేరే గొట్టం పంపారని కనుక్కున్నాను. ఇన్ని కణాలు కలిసి చేస్తున్నప్పుడు ఆ ఖరీదైన ఇంజెక్షన్ అడ్డుకునే ఒక్క సంకేత ప్రొటీను, టీఎన్ఎఫ్, ఆపితే అంతా ఎలా చల్లబడుతుంది? టీబీ సంగతి కూడా చెప్పండి.

మెట్ట_ఫిజీషియన్:

టీఎన్ఎఫ్‌ను ఎక్కువగా ఊరించేది పొరలోని మాక్రోఫేజ్‌లు. అది ఐఎల్-1, ఐఎల్-6 లాంటి మిగతా సంకేతాలకు పై మెట్టు. 1989లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీల బృందం ఆర్‌ఏ కీళ్ళనుంచి తీసిన కణాలను గాజు పాత్రలో పెంచి టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే ఐఎల్-1 కూడా పడిపోయిందని చూపించింది. 1992లో మొదటిసారి రోగులకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చి చూశారు. పని చేసింది. కాలవ తూము దగ్గర కట్టేస్తే కింద మళ్ళు ఎండినట్టే.

అందరిలో ఒకే తూము ఉండదు. కొందరికి టీఎన్ఎఫ్ ఆపినా తగ్గదు, ఐఎల్-6 ఆపితే తగ్గుతుంది. ఏ మందు ఏ కణం మీద పనిచేస్తుందో చూస్తే జబ్బు లోపలి లెక్క తెలుస్తుంది. టి కణానికి రేగడానికి రెండు సంకేతాలు కావాలి, రెండోదాన్ని అడ్డుకునేది అబటసెప్ట్, అది ఆర్‌ఏలో పనిచేస్తుంది. కానీ 1990ల్లో సీడీ4 టి కణాలను నేరుగా తుడిచేయాలని చూసిన మందులు నిరాశపరిచాయి. ఐఎల్-17ను అడ్డుకునే మందులు సోరియాసిస్ వాతంలో, వెన్ను వాతంలో బాగా పనిచేసి ఆర్‌ఏలో అంతగా పనిచేయలేదు. టి కణం రాజేస్తుంది, తర్వాత మంటను నిలబెట్టేది మిగతా కణాలు అని నేను దీన్నిబట్టి అనుకుంటాను. రిటుక్సిమాబ్ సీడీ20 ఉన్న బి కణాలను తీసేస్తుంది. 1,000 మి.గ్రా. చొప్పున పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు ఇస్తారు. ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు, అందుకే ప్రతిదేహాలు వెంటనే మాయం కావు. అయినా వాపు తగ్గుతుంది. బి కణం ప్రతిదేహాల కోసమే కాదు, టి కణానికి శత్రువును చూపించే పని కూడా చేస్తుందన్నమాట.

టీబీకి సమాధానం. మన దగ్గర చాలామంది ఊపిరితిత్తుల్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. దాని చుట్టూ మాక్రోఫేజ్‌లు, టి కణాలు కలిసి గోడ కట్టి బంధించి ఉంచుతాయి. ఆ గోడను నిలబెట్టేది టీఎన్ఎఫే. కీలు కోసం దాన్ని ఆపితే అక్కడ గోడ కూలి క్రిమి బయటికొస్తుంది. 2001లోనే ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్ళలో టీబీ రేగడం గుర్తించారు, చాలామందిలో ఊపిరితిత్తుల బయట కూడా. కౌంటరు దగ్గర "మీకు టీబీ ఉందని కాదమ్మా, లోపల నిద్రపోతుంటే ఈ ఇంజెక్షన్ లేపుతుంది, ముందే చూసుకుంటున్నాం" అనండి, చాలు. మాంటూ (చర్మం మీద చేసేది) లేదా ఇగ్రా (రక్తంతో చేసేది), దానితో పాటు ఛాతీ ఎక్స్‌రే. వీళ్ళకు మాంటూ 5 మి.మీ. వచ్చినా పాజిటివ్ కిందే లెక్క. స్టెరాయిడ్ వాడుతుంటే మాంటూ తప్పుగా నెగెటివ్ రావచ్చు, ఆ సంగతి అడిగి రిపోర్టులో రాయండి. నిద్రాణ టీబీ తేలితే ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదా వారానికొకసారి ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి 12 వారాలు. ఆ మందు మొదలై కనీసం నెల దాటాకే ఇంజెక్షన్.

అయితే మన జిల్లాల్లో ఎక్కువమందికి ఇంజెక్షన్ అవసరమే రాదు, మెథోట్రెక్సేట్ అనే మాత్రతోనే సర్దుకుంటుంది. ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు కూడా దీని దగ్గరే జరుగుతుంది, అందుకే గట్టిగా రాస్తున్నాను. అది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు. 10 లేక 15 మి.గ్రా.తో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 20, 25 దాకా పెంచుతారు. ఫోలిక్ ఆమ్లం 5 మి.గ్రా. వేరే రోజు. రెండూ చిన్న పసుపుపచ్చ మాత్రలే కావడం వల్ల తారుమారై మెథోట్రెక్సేట్ రోజూ మింగేస్తారు. వారం తిరక్కుండానే నోరంతా పుండ్లు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. మీ ల్యాబుకు ఆర్‌ఏ మనిషి రక్తం వచ్చి తెల్లకణాలు 2,000, ప్లేట్‌లెట్లు 60,000 ఉంటే రిపోర్టు రేపటిదాకా ఆపకుండా అప్పుడే ఫోన్ చేయండి, విరుగుడు ల్యూకోవోరిన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. మందుల షాపువాళ్ళు అట్ట మీద "బుధవారం మాత్రమే" అని తెలుగులో రాసివ్వాలి. మూత్రపు ఇన్ఫెక్షన్‌కని కోట్రైమాక్సజోల్ కలిపి ఇచ్చినా ఇదే ప్రమాదం. గర్భం కావాలనుకునేవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పి దీన్ని మానాలి.

పని చేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోపల నొప్పి ఓర్చుకోలేక ఊళ్ళో కీళ్ళ పొడులు, పేరులేని మాత్రలు వాడతారు. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. దాన్ని నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలే ప్రమాదం. అటువంటి వాళ్ళను తిట్టి పంపకండి, డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోమని చెప్పండి.

సీతారామపురం_అక్క:

మెట్ట ప్రాంతంలో కీళ్ళ నొప్పులన్నీ ఆర్‌ఏ ఖాతాలో వేయకుండా ఒక మాట. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో మెడ, నడుం బిగుసుకుపోతాయి. అక్కడ జరిగేది రోగనిరోధక కణాల గొడవ కాదు, ఎముకలో, స్నాయువుల్లో ఫ్లోరైడ్ చేరి గట్టిపడటం. మంటను చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగా ఉంటాయి, కణుపులు మెత్తగా వాచవు, ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడుమ పొర సున్నం పట్టి కనిపిస్తుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే అనుమానించాలి. వాళ్ళకు మెథోట్రెక్సేట్ ఇస్తే కాలేయం చెడటం తప్ప ఫలితం ఉండదు.

2006లో రాష్ట్రమంతా తిరిగిన చికున్‌గున్యా తర్వాత కూడా మణికట్లు, చీలమండలు నెలల తరబడి అచ్చం ఆర్‌ఏలాగే వాచాయి. అక్కడా మాక్రోఫేజ్‌లే, ఐఎల్-6 ఏ. తేడా ఏమంటే జ్వరంతో ఒక్కసారిగా మొదలవుతుంది, యాంటీ సీసీపీ సాధారణంగా నెగెటివ్. ఆర్‌ఎఫ్ మాత్రం కొద్దిగా పాజిటివ్ రావచ్చు. ఆర్‌ఎఫ్ టీబీలో, కుష్టులో, హెపటైటిస్ సీలో, ముసలితనంలో కూడా వస్తుంది. ఒక్క ఆర్‌ఎఫ్ కాగితం పట్టుకుని జీవితకాలపు మందు మొదలుపెట్టకూడదు. ఇంకా ఏఎస్ఓ (స్ట్రెప్టోకోకస్ సోకిందా అని చూసే పరీక్ష) రాసి పంపుతుంటారు, పెద్దవాళ్ళ కణుపుల వాపులో దానితో తేలేది ఏమీ లేదు.

కావలి_ల్యాబు:

చివరిగా ఒకటి. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి యాంటీ సీసీపీ మూడు నెలలకోసారి మళ్ళీ చేయించుకుంటున్నారు. అవసరమా?

పెన్నా_గట్టు:

అవసరం లేదు. జబ్బు పేరు తేల్చడానికి అది ఒకసారి చాలు. ప్లాస్మా కణాలు ఏళ్ళ తరబడి దాన్ని తయారు చేస్తూనే ఉంటాయి, కీళ్ళు పూర్తిగా తగ్గినా అంకె అలాగే ఉండొచ్చు. మంట ఎంతుందో చెప్పేది వాచిన కణుపుల లెక్క, సీఆర్‌పీ, ఈఎస్ఆర్. రక్తహీనత ఉంటే ఈఎస్ఆర్ ఊరికే పెరుగుతుంది, అప్పుడు సీఆర్‌పీని నమ్మండి. ఒక్క మినహాయింపు, ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ మీద ఉన్నవాళ్ళు. కాలేయం చేత సీఆర్‌పీ తయారుచేయించేది ఐఎల్-6 కాబట్టి దాన్ని అడ్డుకున్నాక న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ మామూలుగానే రావచ్చు. ఆ మందు మీద ఉన్నారని తెలిస్తే కాగితం మీద రాయండి.

ఆ డబ్బుతో మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు సీబీసీ (రక్తకణాల లెక్క), ఎస్‌జీపీటీ (కాలేయానికి), క్రియాటినిన్ (మూత్రపిండాలకు) చేయించుకోవాలి. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి. మాత్ర వేసుకున్న మరునాడు, రెండోనాడు రక్తం తీస్తే ఎస్‌జీపీటీ తాత్కాలికంగా ఎక్కువ చూపిస్తుంది, మందు అనవసరంగా ఆపేస్తారు. బుధవారం మాత్ర వేసుకునే మనిషిని సోమవారమో మంగళవారమో రమ్మనండి.